బంతి ఎగరేయడం కూడా ఒక చదువేనా?

"బంతి ఎగరేయడం నేర్చుకోవడానికి డబ్బు కట్టి, పరాయి దేశం వాడిచేత పాఠం చెప్పించుకోవాలా మాస్టారూ?" అని ఈ మధ్య ఒక మిత్రులు నన్నడిగారు. అడిగినవారు సామాన్యులు కారు. ఉభయభాషాప్రవీణులు. జీవితమంతా పిల్లలకు ఛందస్సు చెప్పినవారు. గణవిభజన రాని పిల్లవాడు పద్యం వ్రాశానని తెస్తే కాగితం చేతిలోకి కూడా తీసుకోరు. అటువంటివారే కదిలే బొమ్మల దగ్గరికి వచ్చేసరికి అక్కడ గురులఘువులతో పనిలేదని అనుకోవడం నాకు వింతగా తోచింది. ఆ ప్రశ్న ఆయనొక్కరిదే అయితే అక్కడికక్కడే సమాధానం చెప్పి ఊరుకునేవాణ్ణి. కాని అది చాలామంది మనసులో ఉన్నదే. పైగా ఆ అజ్ఞానాన్నే పెట్టుబడిగా పెట్టి పిల్లల దగ్గర వేలూ లక్షలూ గుంజుతున్నవారున్నారు. అందుచేత ఈ టపా కొంచెం పొడుగవుతుంది. బ్లాగ్మిత్రులు ఓపిక పట్టాలి.

ముందు విషయం స్పష్టం చేస్తాను. నేను ఒక ఆన్‌లైన్ తరగతిలో విద్యార్థిగా చేరి పాత్రల యానిమేషన్ నేర్చుకుంటున్నాను. యానిమేషన్ అనగానే మనవాళ్లు బొమ్మలు గీయడమనుకుంటారు. కంప్యూటరు యానిమేషన్లో ఆ పనులు వేరువేరు. బొమ్మకు ఆకారం కల్పించేవారు ఒకరు. దాని లోపల ఎముకలూ కీళ్లూ అమర్చి, ఏ పిడి పట్టుకుంటే ఏ అవయవం కదలాలో నిర్ణయించేవారు మరొకరు. దీన్ని రిగ్గింగ్ అంటారు. వెలుగునీడలు చూసేవారు ఇంకొకరు. ఇవన్నీ సిద్ధమైన బొమ్మను తీసుకుని, దాన్ని నడిపించి, కూర్చోబెట్టి, దానిచేత బరువెత్తించి, అది ఏదో ఆలోచిస్తున్నదని చూసేవాడికి నమ్మకం కలిగించేవాడు యానిమేటరు. మన తోలుబొమ్మలాటలోనూ అంతే కదా! తోలును పలుచన చేసి రంగులద్దడం ఒక విద్య. భుజం దగ్గరా మోచేతి దగ్గరా దారంతో కీలు కట్టడం మరొక విద్య. తెర వెనుక నిలబడి ఆ బొమ్మను ఆడించడం మూడో విద్య. నిమ్మలకుంటలో ఈ మూడూ ఒకే ఇంట్లో ఉండవచ్చుగాని, మూడూ ఒకటి కావు. నేను నేర్చుకుంటున్నది ఆ మూడోది.

ఇక బంతి సంగతి.

సెకనుకు 24 బొమ్మలు. ఒక్కొక్క బొమ్మ ఒక ఫ్రేము. ఒక బంతిని జారవిడిస్తే మొదటి పావు సెకనులో, అంటే 6 ఫ్రేములలో, అది సుమారు 30 సెంటీమీటర్లు పడుతుంది. అరసెకను గడిచేసరికి, అంటే 12 ఫ్రేములకు, మొత్తం సుమారు 120 సెంటీమీటర్లు. కాలం రెండింతలైతే దూరం నాలుగింతలన్నమాట. కాబట్టి ఆ 12 బొమ్మలనూ ఒకే కాగితం మీద పరిచి చూస్తే పై భాగంలో ఒకదానినొకటి ఒరుసుకుంటూ, కిందికి వచ్చేకొద్దీ ఎడమెడంగా కనిపించాలి. రబ్బరు బంతి అయితే నేలను తాకిన ఒక్క ఫ్రేములో అణగాలి. అణిగినప్పుడు అడ్డంగా వెడల్పు కావాలి. లేకపోతే అందులోని రబ్బరు ఎక్కడికి పోయినట్టు? ఇనుపగుండు అయితే అణగనే కూడదు. ఒకసారో రెండుసార్లో చిన్నగా లేచి దొర్లిపోవాలి. పింగ్‌పాంగ్ బంతి అయితే గునగునమని పదిసార్లు లేవాలి. ఈ మూడింటి ఆకారమూ గుండ్రమే. మూడింటికీ ఒకే రంగు వేసి చూపిస్తారు. ఏది ఇనుము, ఏది రబ్బరు అని చూసేవాడు చెప్పగలగాలి. ముఖం లేదు, కన్ను లేదు, మాట లేదు. ఏ ఫ్రేములో ఎక్కడ ఉన్నదన్న ఒక్క ఆధారంతో ఆ వస్తువు బరువెంతో, గుణమేమిటో చెప్పించడమే ఆ అభ్యాసం.

నా దృష్టిలో ఇది ఓనమాల కంటె కష్టం. అక్షరం వంకరపోయినా అక్షరంగా గుర్తుపట్టవచ్చు. బంతి రెండు ఫ్రేములు ఎక్కువసేపు గాలిలో ఉంటే అది బంతి కాదు, బుడగ.

"అదంతా కంప్యూటరే చూసుకుంటుంది కదా" అనేవారికి ఒక మాట. బంతి పైన ఉన్న చోటు, కింద ఉన్న చోటు చెబితే నడుమ ఫ్రేములను కంప్యూటరు పూరిస్తుంది, నిజమే. కాని దాన్ని దాని మానాన వదిలితే రెండు కొసల్లోనూ వేగం తగ్గిస్తుంది. అంటే బంతి నేలను తాకబోయే ముందు మర్యాదగా నెమ్మదించి, దూదిపరుపు మీద దిగినట్టు దిగుతుంది. నేల ఉన్నదని కంప్యూటరుకు తెలియదు. బరువంటే తెలియదు. దానికి తెలిసినది సమస్యాపూరణమే. సమస్య ఇచ్చినవాడి ఉద్దేశం తెలియని అవధానిలాగ ఏదో ఒకటి పూరిస్తుంది. ఆ పూరణను విప్పి, వేగం చూపే గీత వంపును చేత్తో మార్చి, నేలను తాకే చోట దాన్ని కోసుగా చేయడం మనిషి పని. ఆ కోసు ఎంత ఉండాలో సాఫ్ట్‌వేర్ పుస్తకంలో ఉండదు.

మరెక్కడ ఉంటుంది? చూసేవాడి కంటిలో ఉంటుంది. ఇక్కడే అసలు గొడవ మొదలవుతుంది. నేర్చుకునేవాడికి ఆ కన్ను ఇంకా తెరుచుకోలేదు. తాను చేసినది తనకు ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. పదిసార్లు చూస్తే మరీ బాగా కనిపిస్తుంది. కావున రెండో కన్ను కావాలి. నేను ఇంత దూరం చెప్పుకుంటూ వచ్చినది ఈ మాట కోసమే: యానిమేషన్ తరగతికి మనం కట్టే డబ్బు పాఠానికి కాదు, దిద్దుబాటుకు. దిద్దేవాడు లేని చోట కట్టే డబ్బు నదిలో వేసినట్టే.

దిద్దడమంటే ఏమిటో చెబుతాను. మా తరగతిలో ఒక అభ్యాసం ఉన్నది. బంతికి రెండు కాళ్లు మాత్రం ఉంటాయి. చేతులు లేవు, తల లేదు. అది ఒక అరుగు మీది నుంచి ఇంకొక అరుగు మీదికి దూకాలి. ఒక కుర్రవాడు చేసి పంపాడు. చూడముచ్చటగానే ఉన్నది. తోటివారందరం మెచ్చుకున్నాం. తరగతి చెప్పే ఆయన దాన్ని తన తెర మీద పెట్టుకుని, ఒక్కొక్క ఫ్రేమూ జరుపుతూ, ఆ బొమ్మ మీదనే ఎర్రగీతలు గీస్తూ మాట్లాడాడు. ఎగరడానికి ముందు అది కుంగింది, మంచిదే. కాని కుంగిన చోట నిలవలేదు, బలం కూడబెట్టకుండానే ఖర్చు చేశావు, అక్కడ రెండు ఫ్రేములు ఆపు అన్నాడు. దిగేటప్పుడు రెండు పాదాలూ ఒకే ఫ్రేములో నేలను తాకాయి, రోకలి దిగినట్టున్నది, ఒక పాదాన్ని ఒక్క ఫ్రేము ముందు దించు అన్నాడు. మొత్తం మార్పు మూడు ఫ్రేములు. సెకనులో ఎనిమిదో వంతు. మర్నాడు ఆ కుర్రవాడు మార్చి పంపిన దాన్నీ, పాతదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. పాతదానిలో ఒక బొమ్మ ఈ అరుగు నుంచి ఆ అరుగుకు జరిగింది. కొత్తదానిలో ఎవరో దూకాలా వద్దా అని ఒక్క క్షణం సంశయించి దూకారు. ఆ మూడు ఫ్రేముల కోసం వెయ్యి వీడియోలు చూసినా లాభం లేదు. ఎందుకంటే ఆ వీడియోలు చెప్పినవాడు ఈ కుర్రవాడి బొమ్మను చూడలేదు.

మన భాషలో 'దిద్దు' అన్న క్రియ ఎంత అందమైనదో చూడండి. పలక మీద పంతులు వ్రాసిన అక్షరం మీద పిల్లవాడు మళ్లీ మళ్లీ వ్రాయడమూ దిద్దడమే. పిల్లవాడు వ్రాసిన దాని మీద పంతులు ఎర్రసిరాతో గీయడమూ దిద్దడమే. బొట్టు దిద్దడమూ దిద్దడమే. ఒకరు చేసిన దాని మీద ఇంకొకరి చేయి పడడం ఈ మాటలో మొదటినుంచీ ఉన్నది. వేల మైళ్ల అవతల కూర్చుని ఎవరో ఒకరు మన బొమ్మ మీద ఎర్రగీత గీస్తే జరుగుతున్నది అదే. కాలిఫోర్నియాలో సాయంత్రం ఆరయితే మనకు మర్నాడు పొద్దున ఆరున్నరో ఏడున్నరో అవుతుంది. ఆ వేళకు కాఫీ గ్లాసుతో తెర ముందు కూర్చుని, తమ వంతు ఎప్పుడు వస్తుందా అని చూస్తున్న పిల్లలను గమనించాను. ఆ ఎదురుచూపు నాకు బాగా తెలిసినదే. జీవితమంతా బల్లకు ఆవలి వైపు నుంచి చూశాను.

దీన్ని నేను కొత్తగా కనిపెట్టలేదు. ఈ విద్య చరిత్రంతా దిద్దుబాటు చరిత్రే. డిస్నీ స్టూడియోలో 1932లో డాన్ గ్రాహం అనే చిత్రలేఖన గురువును పెట్టి, అప్పటికే ఉద్యోగాలు చేస్తున్న చిత్రకారులకు సాయంత్రం తరగతులు నడిపారు. 1937లో స్నోవైట్ చిత్రం వచ్చేనాటికి వెనుక అయిదేళ్ల బడి ఉన్నది. అక్కడే 'స్వెట్‌బాక్స్', అంటే చెమటగది అని ఒక ఇరుకు గది ఉండేది. పెన్సిలు బొమ్మలను ఫిల్ము మీదికెక్కించి ఆ గదిలో వేసి చూస్తూ తప్పులెంచేవారు. పేరు గాలి ఆడకపోవడం వల్ల వచ్చిందంటారు. లోపల కూర్చున్నవాడికి చెమట పట్టడానికి వేరే కారణం కూడా ఉండి ఉంటుందని నా అనుమానం. మన దేశానికి 1956లో క్లెయిర్ వీక్స్ అనే డిస్నీ యానిమేటరు వచ్చి బొంబాయిలో ఫిల్మ్స్ డివిజన్ వారికి ఈ పని నేర్పాడు. 1957లో 'ది బన్యన్ డీర్' అనే జాతకకథ చిత్రం వచ్చింది. ఆయన దగ్గర నేర్చినవారిలో రామమోహన్ ఒకరు. తరువాతి కాలంలో భారతీయ యానిమేషన్‌కు పితామహుడని పేరు పొందారు. వీక్స్ పుస్తకాలు పంపలేదు, మనిషి వచ్చాడు. ఇక 2005లో పిక్సార్, ఐఎల్ఎం స్టూడియోల్లో పనిచేసిన ముగ్గురు యానిమేటర్లు యానిమేషన్ మెంటర్ అనే ఆన్‌లైన్ బడి పెట్టారు. ఆ బడిలో కొత్తదనం పాఠాలను ఇంటర్నెట్లో పెట్టడం కాదు. వారం వారం ప్రతి విద్యార్థి అభ్యాసాన్నీ స్టూడియోలో పనిచేసే ఒక గురువు చూసి, దాని మీద గీసి, మాట్లాడి, రికార్డు చేసి పంపడం. చెమటగదిని సముద్రాలు దాటించారు. ఆన్‌లైన్ అంటే అది. మన దగ్గర ఆ గదిని తీసేసి, మిగిలిన దానికి ఆన్‌లైన్ అని పేరు పెట్టి అమ్ముతున్నారు.

'30 రోజుల్లో యానిమేటర్ కండి', '200 గంటల వీడియోలు, జీవితకాలం చూసుకోవచ్చు' అనే ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. జీవితకాలం చూసుకోవచ్చు, నిజమే. జీవితకాలం చూసినా ఆ వీడియో మిమ్మల్ని ఒక్కసారీ చూడదు. ఇటువంటివి అమ్మేవారిని నేను మోసగాళ్లనను, గ్రంథవిక్రేతలంటాను. పుస్తకాల దుకాణం మంచిదే, నేను నా జీతంలో చాలా భాగం అక్కడే పోశాను. కాని పుస్తకాల దుకాణం తనను తాను పాఠశాల అని చెప్పుకోకూడదు.

ఇంతకంటె నాకు కోపం తెప్పించేది వీధిలో బోర్డు కట్టి, గదిలో కంప్యూటర్లు పెట్టి, వరుసగా అయిదారు సాఫ్ట్‌వేర్ల పేర్లు చెప్పి డిప్లొమా ఇచ్చే కేంద్రాలు. నా పూర్వవిద్యార్థి ఒకడు అటువంటి చోట ఏడాదికి పైగా చదివాడు. తండ్రి పొలం మీద అప్పు తెచ్చి లక్షకు పైగా కట్టాడు. ఆ కేంద్రం పేరు వ్రాయను. వ్రాస్తే అదొక్కటే చెడ్డదనుకుంటారు. పిల్లవాడు తాను చేసిన పనిని నాకు చూపించాడు. ఒక కారు గుండ్రంగా తిరుగుతున్నది. ఒక టీకప్పు నున్నగా మెరుస్తున్నది. ఒక మనిషి నడుస్తున్నాడు; ఆ నడక సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చినదే, వాడు అతికించాడు. ఏ మెనూలో ఏ బొత్తాం ఉన్నదో గడగడా చెప్పాడు. "ఈ మనిషి బరువు ఇప్పుడు ఏ కాలి మీద ఉన్నదిరా?" అని అడిగాను. వాడు తెర వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. ఏడాది పైన చదివిన చదువులో ఆ ప్రశ్న వాణ్ణి ఎవరూ అడగలేదు. వాడి తప్పు లేదు. నిఘంటువు కంఠస్థం చేయించి కవివి అయ్యావని చెప్పి పంపినవారిది. హైదరాబాదులో యానిమేషన్ పని లేకపోలేదు. 2008లో టీవీకెక్కిన ఛోటా భీమ్ పుట్టింది అక్కడి గ్రీన్ గోల్డ్ సంస్థలోనే. కాని స్టూడియోలో అడిగేది ఆ కాలి ప్రశ్నే.

ఇంతవరకు వ్యాపారస్థుల మాట. ఇక మనవాళ్ల మాట కూడా చెప్పకపోతే పక్షపాతమవుతుంది. నేను ఈ చదువు మొదలుపెట్టినట్టు తెలియగానే నా సాటి పండితులు కొందరు ఇంకొక రకంగా అడ్డం వచ్చారు. "ఇవన్నీ భరతుడు ఎప్పుడో చెప్పాడు. నాట్యశాస్త్రం ఉండగా వాళ్ల దగ్గర నేర్చుకునేదేమిటి?" అని. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒకటే అడగాలనిపిస్తుంది: అయ్యా, ఏ అధ్యాయంలో?

ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ అనే ఇద్దరు వృద్ధ యానిమేటర్లు 1981లో ఒక పెద్ద పుస్తకం ప్రచురించారు. అందులో 12 సూత్రాలు ఉన్నాయి. అణగడం-సాగడం, చేయబోయే పనికి ముందు చేసే సన్నాహం, కదలిక వంపుగా సాగడం, ఒక అవయవం ఆగిన తరువాత ఇంకొకటి ఆగడం వంటివి. అవి ఎవరూ కళ్లు మూసుకుని ధ్యానంలో దర్శించినవి కావు. ఏళ్ల తరబడి బల్ల మీద వంగి గీసి, చెమటగదిలో తిట్లు తిని ఏరుకున్నవి. జాన్ లాసెటర్ 1987లో ఒక వ్యాసం వ్రాసి, ఇవే సూత్రాలు కంప్యూటరు బొమ్మకూ ఎలా వర్తిస్తాయో చూపాడు. వీటిని ముందు పెట్టుకుని నాట్యశాస్త్రం తిరగేశాను. చతుర్విధాభినయాలున్నాయి, రసభావాలున్నాయి, నూట ఎనిమిది కరణాలున్నాయి. బంతి లేదు. ఎందుకు లేదో ఆలోచిస్తే తెలుస్తుంది. నటుడికి బరువు పుట్టుకతో వచ్చింది. రంగస్థలం మీద అతడు ఎగిరితే దిగడమెలాగో భరతుడు నేర్పనక్కరలేదు, భూమి చూసుకుంటుంది. బొమ్మకు ఆ భూమి లేదు. ఫ్రేముకొకసారి మనమే ఆ భూమిని కల్పించాలి. భరతుడు చెప్పకపోవడం ఆయన లోపం కాదు. చెప్పాడని అబద్ధమాడడం మన లోపం.

అభినయదర్పణంలో చేతిని చూపు, చూపును మనస్సు అనుసరించే క్రమం చెప్పిన శ్లోకం మనకందరికీ కంఠస్థమే. మా తరగతిలో చెప్పేది చాలా సందర్భాల్లో దానికి తలక్రిందులు. పాత్రకు ఒక ఆలోచన వస్తే ముందు కళ్లు కదలాలి, రెండు మూడు ఫ్రేముల తరువాత తల, ఆ తరువాత భుజం, చివర చేయి. రెండూ నిజమే. నర్తకి ప్రేక్షకుడి మనస్సును తన చేతి వెంట నడిపిస్తుంది, కాబట్టి చేయి ముందు. బొమ్మకు మనస్సు ఉన్నదని ముందు నమ్మించాలి, కాబట్టి కన్ను ముందు. ఈ తేడా తెలుసుకోవడంలో ఎంత ఆనందం ఉన్నది! "అంతా మనదే" అన్నవాడికి ఆ ఆనందం దక్కదు. వాడికి తేడాయే కనిపించదు.

తమాషా ఏమిటంటే, ఈ గొప్పలు చెప్పేవారెవరూ నిజంగా గొప్ప చెప్పుకోదగ్గ అధ్యాయం పేరెత్తరు. నాట్యశాస్త్రంలో గతిప్రచారం అని ఒక అధ్యాయం ఉన్నది. ఏ పాత్ర ఎలా నడవాలో చెబుతుంది. ఉత్తమ పాత్రకు అడుగు పట్టు నాలుగు తాళాలు, మధ్యమ పాత్రకు రెండు, అధమ పాత్రకు ఒకటి. తాళమంటే ఇక్కడ దూరపు కొలత. కాలం కూడా అదే వరుసలో నాలుగు కళలు, రెండు, ఒకటి. రాజు పెద్ద అడుగు నిదానంగా వేస్తాడు. సేవకుడు చిన్న అడుగులు చకచకా వేస్తాడు. శోకంలో నడక వేరు, స్థూలకాయుడి నడక వేరు, మత్తులో ఉన్నవాడి నడక వేరు. యానిమేషన్ బడిలో నడక పాఠం సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. రిచర్డ్ విలియమ్స్ 2001లో ప్రచురించిన పుస్తకం ప్రకారం మామూలు చురుకైన నడకలో ఒక్కొక్క అడుగుకు 12 ఫ్రేములు. 16 అయితే షికారు, 8 అయితే తొందర. అడుగు మోపడం, మోకాలు వంగి దిగడం, కాలు కాలిని దాటడం, పైకి లేవడం అని ఆ 12 ఫ్రేములలో నాలుగు మజిలీలు. ఈ లెక్క చూసినప్పుడు నాకు మాత్రాఛందస్సు గుర్తుకు వచ్చింది. ఒక మాత్ర జారితే పద్యం కుంటినట్టే ఒక ఫ్రేము జారితే మనిషి కుంటుతాడు. అయితే పద్యానికి గణాలు విడదీసి తప్పు పట్టవచ్చు. నడకకు ఆ సౌకర్యం లేదు. 12 ఫ్రేములూ లెక్కకు సరిపోయి కూడా మనిషి నడవడు, నేల మీద జారుతాడు. అప్పుడు మళ్లీ ఆ రెండో కన్ను కావలసిందే. భరతుడి కాలంలోనూ ఆ అధ్యాయం చదివి ఎవడూ రాజు నడక నడవలేదు. ఎదురుగా ఆచార్యుడు కూర్చుని చూస్తుంటే నడిచాడు. కూచిపూడిలో నేటికీ అంతే.

బొమ్మలో ప్రాణం కదలికలో ఉంటుందనడానికి దూరం పోనక్కరలేదు. రాజమౌళి 'ఈగ' 2012లో వచ్చింది. ఆ ఈగ పని హైదరాబాదులోని మకుట సంస్థ వారిది; స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ పురస్కారం కూడా వచ్చింది. ఈగకు కనురెప్పలు లేవు, పెదవులు లేవు. మన నటుల ముఖాభినయంలో నూటికి తొంభై పాళ్లు ఆ రెండింటిలోనే ఉంటుంది. అవి లేకుండా కోపం, పట్టుదల, వెక్కిరింత చూపించారు. ఎలా? ఒళ్లు వంచిన తీరు, తల తిప్పడానికి ముందు ఆగిన ఆ కాస్త సేపు, ముందుకాళ్లు రుద్దుకునే లయ. మా పక్కింటి ముసలమ్మ ఆ ఈగ చావు చూసి కన్నీళ్లు పెట్టుకుంది. ఆమెకు సాఫ్ట్‌వేర్ పేరు చెబితే పురుగుల మందనుకుంటుంది.

ఇప్పుడు మాటలు టైపు చేస్తే కదిలే వీడియో తయారుచేసి ఇచ్చే కృత్రిమ మేధ వచ్చింది గనుక ఈ చదువంతా దండగ అనేవారు కూడా బయలుదేరారు. వారికి పెద్దగా చెప్పవలసింది లేదు. దర్శకుడు "ఆ చూపు నాలుగు ఫ్రేములు ఆలస్యంగా తిప్పు, లేకపోతే ఆమె అబద్ధమాడుతున్నదని తెలియడం లేదు" అంటాడు. అప్పుడు ఆ నాలుగు ఫ్రేములు ఎక్కడ ఉన్నాయో తెలిసినవాడు కావాలి. యంత్రం వందరకాల కదలికలు ఇచ్చినా వాటిలో ఏది నిజమో ఎంచడానికి కూడా ఆ కన్నే కావాలి. బంతి చేయకుండా ఆ కన్ను ఎలా వస్తుందో వారే చెప్పాలి.

తెలుగు గురించి చెప్పి ముగిస్తాను. ఈ దిద్దుబాటంతా ఇంగ్లీషులో జరుగుతున్నది. పాఠం ఇంగ్లీషులో ఉంటే ఫరవాలేదు, ఆపి ఆపి చూసుకోవచ్చు. దిద్దుబాటు అలా కాదు. "నడుము బరువు ముందే వదిలేసింది" అన్న మాటలోని సూక్ష్మం సొంతభాషలో చెబితే ఒళ్లు గ్రహిస్తుంది. పరాయిభాషలో చెబితే బుర్ర అనువాదం చేసుకునేసరికి ఆ ఫ్రేము దాటిపోతుంది. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు తరగతిలో తల ఊపి, తరువాత ఏమన్నాడని చాటుగా అడగడం నేను చూశాను. మనమేమో యానిమేషన్‌కు 'సచేతనచిత్రణ' అనాలా, 'చలనచిత్రలేఖనం' అనాలా అని వాదులాడుకుంటున్నాం. నాకూ మాటలు కూర్చడం సరదాయే. కాని పేరు పెట్టినంత మాత్రాన పిల్లవాడు నడవడు. అణగడం, సాగడం, కుంగడం, నిలదొక్కుకోవడం, ఒరగడం, తూలడం, వెనకాడడం అంటూ కదలికకు మన భాషలో ఉన్నన్ని క్రియలు ఉండగా కొత్త సమాసాలతో పనేమిటి? ఈ క్రియలతో ఒక తెలుగు పిల్లవాడి పనిని దిద్దగలిగిన యానిమేటర్లు మనవాళ్లలో దేశవిదేశాల్లో ఉన్నారు. వారానికి ఒక గంట, నలుగురు పిల్లల బొమ్మలు ముందు పెట్టుకుని, తెలుగులో మాట్లాడుతూ గీసి చూపితే అది ఏ పదకోశం కంటెనైనా ఎక్కువ పని చేస్తుంది.

డబ్బు లేనివారి మాటేమిటని అడుగుతారు. బ్లెండర్ ఉచితం. అది 2002లో అందరి సొత్తు అయింది. 2025లో ఆస్కార్ అందుకున్న లాత్వియా చిత్రం 'ఫ్లో' దానితోనే తయారైంది. అభ్యాసానికి కావలసిన బొమ్మలు కూడా ఉచితంగా దొరుకుతాయి. పాఠాలూ కావలసినన్ని ఉన్నాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. కొరత దిద్దేవాడికే. నలుగురు పిల్లలు జట్టుగా చేరి, వారానికొకసారి ఒకరి పనిని ఇంకొకరు ఫ్రేము ఫ్రేముగా ఆపి చూసి, మొహమాటం లేకుండా తప్పు చెప్పుకుంటే సగం బడి అక్కడే ఏర్పడుతుంది. మిగిలిన సగానికి గురువు కావాలి.

కాబట్టి ఎక్కడైనా ఫీజు కట్టబోయే ముందు, అది ఆన్‌లైన్ అయినా వీధిలో బోర్డు కట్టినదయినా, మూడు మాటలు అడగండి. నా పనిని చూసేవారెవరు, ఆయన స్వయంగా చేసిన పని ఎక్కడ చూడవచ్చు? ఒక్కొక్క అభ్యాసాన్ని ఎన్నిసార్లు దిద్దుతారు? గురువు ఒక్కరికి విద్యార్థులెందరు? ఆ తరువాత వారి దగ్గర చదివిన ఎవరిదైనా ఒక బంతిని చూపమనండి: దిద్దకముందుది, దిద్దిన తరువాతది, రెండూ. తిరిగే కారూ, మెరిసే టీకప్పూ చూపిస్తే నమస్కారం పెట్టి లేచి రండి.